సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా చిత్రాల విభాగం

హైదరాబాదు నగరంలో మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా ప్రాంతంలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా చిత్రాల విభాగం ఒక భాగము. ఐరోపా చిత్రకారుల తైలవర్ణ చిత్రాలను ముద్రిత ప్రతులుగా కాక స్వయంగా చూడదలచిన తెలుగువారికి అందుబాటులో ఉన్న చోట్లలో ఇది ముఖ్యమైనది. వెనిస్ చిత్రకారుడు కెనలెట్టో, మిలాన్‌లో స్థిరపడిన ఫ్రాంచెస్కో హాయెజ్, ఫ్రెంచి చిత్రకారుడు మార్క్ ఆల్డిన్ మొదలైనవారి రచనలు ఇందులో ఉన్నవి. మ్యూజియం అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది గంటలు కొట్టే గడియారము, మేలిముసుగు రెబెకా విగ్రహము. ఆ రెండింటికీ లభించిన ప్రసిద్ధి ఈ చిత్రాలకు లభించలేదు. కోనసీమ వంటి దూరప్రాంతాల నుండి విహారయాత్రకు వచ్చే విద్యార్థి బృందాలు సైతం సమయం చాలక ఈ గదులను నడుస్తూనే దాటిపోవడం కద్దు.

సేకరణ చరిత్ర

హైదరాబాదు రాజ్యానికి 1853 నుండి 1883 వరకు దివానుగా పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ (మీర్ తురాబ్ అలీ ఖాన్) 1876లో ఐరోపాలో పర్యటించాడు. ఆంగ్లేయుల అధీనంలో ఉన్న బేరారు ప్రాంతాన్ని తిరిగి నిజాముకు ఇప్పించాలన్నది ఆయన చిరకాల ప్రయత్నం. అది ఫలించలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ పట్టా ఇచ్చింది. ఆ ప్రయాణంలోనే రోము నగరంలో జియోవన్ని మారియా బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని ఆయన కొన్నాడు. రాజకీయంగా ఫలితం దక్కని ఆ యాత్ర నుండి హైదరాబాదుకు మిగిలినది ఈ శిల్పమే అనవచ్చును.

సేకరణలో అధికభాగం ఆయన మనుమడు, మూడవ సాలార్‌జంగ్‌గా పేరుపొందిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889 - 1949) కూర్చినది. ఈయన 1912లో దివాను పదవి చేపట్టి, 1914లో దానిని విడిచిపెట్టి, మిగిలిన జీవితమంతా కళావస్తువుల సేకరణకే వెచ్చించాడు. సేకరించిన వస్తువులు నలభై వేలకు పైబడినవి. అవివాహితుడు కావడం వలన ఆయన మరణానంతరం నేరుగా వారసులు లేరు. ఆస్తి పంపకంలో ఈ సంపద చెల్లాచెదరై వేలంపాటలలో దేశాలు దాటిపోయే ప్రమాదం ఏర్పడినది.

ఆ స్థితిలో అప్పటి హైదరాబాదు ముఖ్య పాలనాధికారి ఎం.కె.వెల్లోడి చొరవతో వస్తువులన్నిటినీ ఒక ప్రదర్శనశాలగా అమర్చే పని మొదలైనది. ఈ పనికి పిలిపించబడినవారు ఐరిష్ కవి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్. ఈయన తెలుగువారికి కొత్తవాడు కాదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసినవాడు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లెలో బసచేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినప్పుడు ఆతిథ్యమిచ్చినది కజిన్స్ దంపతులే.

1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ వంశీయుల నివాసమైన దివాన్ దేవిడీలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించబడినది. 1968లో ఇప్పటి భవనంలోనికి మారినది. ఈ భవనాన్ని అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ప్రారంభించారు. తరువాతి కాలంలో రెండు ప్రక్కలా కొత్త భవనాలు వెలసినవి. వాటిలో పశ్చిమ భవనానికి మీర్ తురాబ్ అలీ ఖాన్ పేరు పెట్టి, పాశ్చాత్య దేశాల వస్తువులను అందులో ప్రదర్శిస్తున్నారు.

ముఖ్యమైన చిత్రాలు

సెయింట్ మార్కు కూడలి: వెనిస్ నగరంలోని ప్రధాన కూడలిని చూపే ఈ చిత్రము కెనలెట్టో (1697 - 1768) పేరున ఉన్నది. ఈయన అసలు పేరు జియోవన్ని ఆంటోనియో కెనాల్. తండ్రి నాటకశాలలకు తెరలు చిత్రించేవాడు. కొడుకు మొదట ఆ వృత్తిలోనే చెయ్యి తిప్పుకున్నాడు. భవనాల కొలతలను తప్పకుండా గీయగల నేర్పు అక్కడ అబ్బినదే కావచ్చును. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ధనిక కుటుంబాల యువకులు చదువు ముగిసిన పిమ్మట ఇటలీ యాత్ర చేయడం ఆచారంగా ఉండేది. తిరిగి వెళ్ళేటప్పుడు చూచిన ఊరి గుర్తుగా కెనలెట్టో చిత్రం ఒకటి కొనుక్కొని వెళ్ళేవారు. కాశీకి వెళ్ళినవారు గంగ చెంబుతో తిరిగి వచ్చినట్లన్నమాట. వెనిస్‌లోని జోసెఫ్ స్మిత్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ అమ్మకాలకు మధ్యవర్తిగా ఉండేవాడు. అతడు తన వద్దనున్న చిత్రాలను 1762లో ఇంగ్లండు రాజు మూడవ జార్జికి అమ్మాడు.

కెనలెట్టో ఈ కూడలిని అనేకమార్లు చిత్రించాడు. అందుచేత దీనిని పోలిన చిత్రాలు ఐరోపా, అమెరికా దేశాల ప్రదర్శనశాలలలో పెక్కు చోట్ల కనిపిస్తాయి. వాటిలో సాధారణంగా కనిపించే ఎత్తైన ఇటుకల గంటగోపురం 1902 జూలై 14న కుప్పకూలినది. ఇప్పుడు వెనిస్‌లో ఉన్నది 1912లో పూర్తయిన కొత్త గోపురం. అంటే కెనలెట్టో ఎదురుగా నిలబడి చూచిన గోపురం చిత్రాలలో మాత్రమే మిగిలియున్నది.

సబ్బు బుడగలు: ఫ్రాంచెస్కో హాయెజ్ (1791 - 1882) చిత్రము. వెనిస్‌లో జన్మించి, మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో ఆచార్యుడైన ఈయన 19వ శతాబ్దపు ఇటలీ చిత్రకారులలో ప్రముఖుడు. 1859లో గీసిన 'ముద్దు' అనే చిత్రం వలన ఈయన పేరు ఇటలీ అంతటా వ్యాపించినది.

పిల్లలు సబ్బు బుడగలు ఊదడం ఐరోపా చిత్రకళలో చాలా పాత విషయం. 17వ శతాబ్దపు హాలెండు చిత్రకారులు దీనిని జీవితం క్షణికమని చెప్పడానికి వాడుకున్నారు. ఫ్రాన్సులో షార్డిన్ 1730ల నాటికే ఇదే విషయం చిత్రించాడు. ఇంగ్లండులో మిల్లే 1886లో గీసిన ఇటువంటి చిత్రాన్ని పియర్స్ సబ్బు వ్యాపారులు ప్రకటనగా మార్చి ప్రపంచమంతా అంటించారు. తెలుగు పాఠకునికి ఈ సంకేతాన్ని వేరుగా వివరించనవసరం లేదు. జీవితం బుద్బుదప్రాయమని మన పురాణ ప్రవచనాలలో తరచుగా వినబడే మాట. అయితే మనవారు చెప్పినది నీటిబుడగ, వారు గీసినది సబ్బు బుడగ. నీటిబుడగ ఎవరూ ఊదకుండానే పుట్టి పగులుతుంది. సబ్బు బుడగను ఒక పిల్లవాడు ముచ్చటపడి ఊదుతాడు. ఈ చిన్న భేదమే చిత్రానికి ముద్దును, దిగులును ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది.

వెనిస్ దృశ్యం: మార్క్ ఆల్డిన్ అన్నది మారుపేరు. అసలు పేరు ఆంటోయిన్ బువార్ (జననం 1870), ఫ్రాన్సు దేశస్థుడు. కెనలెట్టో తరువాత శతాబ్దంన్నరకు పైగా గడిచిన పిమ్మట వెనిస్ కాలువలను, పడవలను, సాయంకాలపు వెచ్చని వెలుతురును చిత్రించి విశేషంగా అమ్ముకున్నాడు. ఒకే ఊరిని ఇద్దరు ఎట్లు చూచారో పోల్చుకొనుటకు ఈ చిత్రం ఉపయోగపడుతుంది. కెనలెట్టోకు భవనాల అంచులు ముఖ్యము, ఆల్డిన్‌కు నీటిమీది కాంతి ముఖ్యము. కొనేవారి కోసమే గీసినవి అనే విషయంలో మాత్రం ఇద్దరి చిత్రాలకూ భేదం లేదు.

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ పెరిగినవారికి ఈ చిత్రంలో ఒక సౌకర్యం ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట (1847 - 1852) తరువాత కాలువలతో నిండిపోయిన అమలాపురం, రాజోలు ప్రాంతాలలో కాలువ నీరు ఉదయం ఏ రంగు, మిట్టమధ్యాహ్నం ఏ రంగు, పొద్దుగుంకే వేళ ఏ రంగు అన్నది పిల్లలకు కూడా తెలుసు. కనుక ఆల్డిన్ ఎక్కడ నిజం చూపాడో, ఎక్కడ కాస్త తీపి కలిపాడో కోనసీమవాసి ఇట్టే పట్టగలడు.

ఇవి కాక రూపచిత్రాలు, ప్రకృతి దృశ్యాలు, పండ్లు పాత్రలు మొదలైన నిశ్చల వస్తువుల చిత్రాలు ఈ విభాగంలో ఉన్నవి.

తైలవర్ణ పద్ధతి

రంగు పొడిని అవిసె నూనెతో నూరి, బిగించి కట్టిన బట్టమీద గాని చెక్కపలకమీద గాని పూయడం తైలవర్ణ పద్ధతి. నూనె మెల్లగా ఆరుతుంది. అందువలన చిత్రకారుడు ఒక రంగులోనికి మరొక రంగును కలుపుతూ, చెరుపుతూ, రోజుల తరబడి దిద్దుకొనవచ్చును. ఆరిన పొరపై పలుచని పొర వేస్తే క్రింది రంగు లోపలినుండి మెరిసినట్లు కనిపిస్తుంది. 15వ శతాబ్దంలో వాన్ ఐక్ మొదలైన ఫ్లాండర్సు చిత్రకారులు దీనిని ఉన్నత స్థితికి తెచ్చారు. 1841లో రంగులను నింపే తగరపు గొట్టాలు వచ్చిన తరువాత చిత్రకారులు వర్ణాలను వెంట పట్టుకొని పొలాలకు, నదీతీరాలకు వెళ్ళగలిగారు.

రెండవ విశేషం దూరపు వస్తువులను చిన్నవిగా చూపే పద్ధతి. 15వ శతాబ్దపు ఫ్లారెన్సు నగరంలో దీనికి లెక్కల ఆధారం కుదిరినది. ఒక తిన్నని కాలువ గట్టున నిలబడి చూస్తే రెండు వైపుల కొబ్బరిచెట్ల వరుసలు, నీటి అంచులు దూరాన ఒకేచోట కలిసినట్లు కనిపిస్తాయి. ఆ కలయిక బిందువును పటంపై ముందుగా గుర్తించుకొని మిగిలిన గీతలన్నిటినీ దానివైపు నడిపించడమే ఈ పద్ధతి. కెనలెట్టో కూడలి చిత్రాలలోని కిటికీల వరుసలను కంటితో వెంబడిస్తే ఈ బిందువు దొరుకుతుంది. లేపాక్షి కుడ్యచిత్రాలలో గాని, చేర్యాల పటాలలో గాని ఇటువంటి ఒకే బిందువు ఉండదు. అది లోపం కాదు. ఆ చిత్రకారుడు ఒకచోట నిలబడి చూచినది కాక, కథ నడిచినంత మేర తానూ నడుస్తూ చూపించాడు. రెండు పద్ధతులలో ఒకటి నిజమైనదని, మరొకటి తెలియనివారి పని అని పాఠశాలలలో చెప్పడం సరికాదు.

ముద్రిత ప్రతి, మూలచిత్రం

ఐరోపా పద్ధతి తెలుగు ఇండ్లలోకి మ్యూజియంల కంటె చాలా ముందుగానే, మరొక ద్వారం నుండి ప్రవేశించినది. తిరువాన్కూరు రాజ్యానికి చెందిన రాజా రవివర్మ (1848 - 1906) తైలవర్ణాలను సాధించి, 1894లో బొంబాయిలో రంగుల ముద్రణాలయం స్థాపించాడు. అందులో అచ్చయిన లక్ష్మి, సరస్వతి పటాలు దేశమంతటా పూజగదులలో వెలసినవి. వెలుగునీడలతో గుండ్రదనం తెచ్చే నేర్పు ఐరోపాదే. అయితే ఆ పటాలకు హారతి ఇచ్చేవారికి ఆ సంగతి తట్టవలసిన పనిలేదు.

అచ్చుపటంలో లేనివి మూలచిత్రంలో మూడు కనిపిస్తాయి. మొదటిది పరిమాణం. పుస్తకంలో అన్ని చిత్రాలూ అరచేయి అంతే. మూలం ఒకటి గోడంత, మరొకటి పలక అంత ఉండవచ్చును. రెండవది కుంచె జాడ. ప్రక్కనుండి వాలుగా చూస్తే రంగు గట్లుగా లేచిన చోట్లు, పలుచగా రాసి వదలిన చోట్లు తెలుస్తాయి. మూడవది వయస్సు. పాత చిత్రాలలో రంగుపొర సన్నని పగుళ్ళు తీసి ఉంటుంది. పైన పూసిన వార్నీషు కాలక్రమేణ పసుపు బారుతుంది. ఆకాశం కొంచెం గోధుమరంగుగా కనిపిస్తే అది చిత్రకారుని ఉద్దేశం కాక వార్నీషు వయస్సు కావచ్చును.

పేరుపలకను చదవడం కూడా నేర్చుకొనవలసినదే. చిత్రకారుని పేరు ఒక్కటే ఉంటే అది ఆయన స్వహస్తరచనగా భావించబడుతున్నదని అర్థం. 'ఫలానావారి శిష్యవర్గం' అని గాని, 'ఫలానావారి ననుసరించి' అని గాని ఉంటే మరొకరి చేతిపని. 19వ శతాబ్దంలో ప్రసిద్ధ చిత్రాలకు నకళ్ళు వ్రాయడం గౌరవప్రదమైన వృత్తిగా ఉండేది. ఐరోపా ధనికులే నకళ్ళను కొని తమ ఇండ్లలో అలంకరించుకున్నారు. నకలు అని తెలిసినంత మాత్రాన ముఖం తిప్పుకోనవసరం లేదు. మూలం ఎక్కడున్నదో తెలుసుకొని, నకలు తీసినవాడు దేనిని పట్టగలిగాడో చూడడం మంచి అభ్యాసం.

గోదావరి తీరంలో ఐరోపా ప్రభావం

ఐరోపా చిత్రరచన పాఠాలు గోదావరి తీరానికి రాజమండ్రి ద్వారా వచ్చినవి. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే (1882 - 1958) స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన ప్రోత్సాహం పొందినవారే. కూల్డ్రే గొప్పదనం ఏమనగా, ఐరోపా పాఠం చెబుతూనే శిష్యుల చూపును అజంతావైపు, గోదావరివైపు త్రిప్పాడు.

దామెర్ల రామారావు (1897 - 1925) కూల్డ్రే సహాయంతో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, ఐరోపా పద్ధతిలో శరీర నిర్మాణాన్ని, రేఖను క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. తిరిగివచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించాడు. 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాలలో వస్తువు మనది, రేఖ మనది. అయితే మనిషి శరీరం నేలపై బరువుగా నిలబడే తీరులో బొంబాయి చదువు కనిపిస్తుంది. మశూచి సోకి 28వ ఏట మరణించాడు. ఆయన చిత్రాలు, ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం మొదలైనవారి చిత్రాలు రాజమండ్రిలో గోదావరి గట్టు సమీపాన ఉన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఉన్నవి.

కోనసీమలో ఐరోపా చిత్రాల ప్రదర్శనశాల లేదు. కొత్తపేటలోని వుడయార్ శిల్పుల కార్యశాలలో తయారయ్యే నాయకుల విగ్రహాలను మాత్రం ఇక్కడ ప్రస్తావించవచ్చును. మనిషిని మనిషిగా పోలికతో నిలబెట్టే రూపశిల్ప సంప్రదాయం కూడా పాశ్చాత్య ప్రభావంతో బలపడినదే.

సందర్శన

మ్యూజియానికి శుక్రవారం సెలవు. తక్కిన రోజులలో ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు తెరచి ఉంటుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుండి బస్సులలో వచ్చేవారు మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగితే మ్యూజియం దగ్గరే. 2018లో అక్కడికి మెట్రో రైలు కూడా వచ్చినది. రైలులో రాదలచినవారు కోనసీమ నుండి రాజమండ్రికి గాని, వసిష్ఠ దాటి నరసాపురానికి గాని చేరుకొనవలెను. నరసాపురం దారి రాజోలువారికి అనుకూలము.

మ్యూజియం అంతటినీ ఒక్క పూటలో చూడడం సాధ్యం కాదు. ఆ ప్రయత్నం చేసినవారికి సాయంత్రానికి కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలవు. చిత్రాల కోసమే వచ్చినవారు నేరుగా పశ్చిమ భవనానికి వెళ్ళి, నాలుగైదు చిత్రాలను ఎంచుకొని, ఒక్కొక్కదాని ముందు కనీసం పది నిమిషాలు నిలబడడం మేలు. మొదట గది మధ్యనుండి, తరువాత దగ్గరగా, ఆ పిమ్మట ప్రక్కనుండి చూడవలెను. మధ్యాహ్నం పన్నెండు గంటలకు కుక్ అండ్ కెల్వీ గడియారంలోని బొమ్మ వచ్చి గంటలు కొట్టే దృశ్యానికి జనం గుమిగూడుతారు. ఆ సమయంలో చిత్రాల గదులు పలుచబడే అవకాశం ఎక్కువ. రూపచిత్రాల ముందు నిలబడి చూడదలచినవారికి అదే అదను.

చిత్రాలను తాకరాదు. చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు రంగుపొరకు హాని చేస్తాయి. తేమ ఎక్కువైతే బట్ట సాగుతుంది, ఎండబెడితే బిగుస్తుంది. ఈ సాగుడు బిగువులకే రంగు పెచ్చులుగా ఊడుతుంది. కోనసీమలో గోడకు తగిలించిన పటాలు నాలుగు వర్షాకాలాలకే బూజు పట్టడం చూచినవారికి, రెండు మూడు శతాబ్దాల నాటి బట్టను చెడకుండా కాపాడడంలోని శ్రమ తెలుస్తుంది.

ఉపాధ్యాయులు విద్యార్థులను తీసుకొని వచ్చేటప్పుడు చిత్రాల పేర్లు వ్రాసుకొనమని చెప్పడం కంటె, ఒకే చిత్రాన్ని పెన్సిలుతో స్థూలంగా గీయమని చెప్పడం ఉపయోగకరం. గీసేటప్పుడు మాత్రమే కంటికి ఆనే విషయాలు ఉంటాయి. వెలుతురు ఏ వైపునుండి పడుతున్నది, నీడ ఏ రంగులో ఉన్నది, అతి చిన్న మనిషి ఎక్కడ నిలబడినాడు అనే మూడు ప్రశ్నలకు సమాధానం వ్రాయగలిగిన విద్యార్థి ఆ చిత్రాన్ని చూచినట్లే. తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో దిగే బృందాలకు దామెర్ల గ్యాలరీ చూచే వీలు ఉంటుంది. అవే మూడు ప్రశ్నలను అక్కడి చిత్రాల ముందు అడిగితే సమాధానాలు వేరుగా వస్తాయి.